చిటికెన వేలి ధర

సుబేదారిలో కార్మికశాఖ ఆఫీసు ఎదురుగా
జిరాక్సు దుకాణం రేకు కింద నా బల్ల.
ఎం.ఏ. చరిత్ర, రెండో శ్రేణి.
అర్జీకి యాభై రూపాయలు.

ఎనుమాముల దిక్కు జిన్నింగు మిల్లు నుంచి
కొంరవ్వ వచ్చింది.
"రెండు ఏళ్లు పోయినయ్ సారూ" అన్నది.
సంవత్సరాలనుకున్నా.
కుడిచేతి గుడ్డ విప్పింది.
నడిమి వేలు లేదు, చిటికెన వేలు లేదు.
ఇరుగుపొరుగు ఖాళీ చేసిపోయిన ఇల్లులా
ఉంగరపు వేలొక్కటే నిలబడి ఉంది.
కట్టు అంచున ఇంకా పత్తి నూగు.

చట్టంలో పట్టిక ఉంది:
బొటనవేలికి ముప్పై శాతం
చూపుడువేలికి పద్నాలుగు, నడిమిదానికి పన్నెండు
ఉంగరపుదైనా చిటికెనదైనా ఏడే.
కూడుతుంటే
ఎప్పుడో పరీక్షకు బట్టీపట్టిన రాజు
కలం కొనకు వచ్చి కూర్చున్నాడు.

ఇంగ్లండుకు ఇంకా ఆ పేరు రాకముందు
కెంటు అనే మూలనేలిన ఎథెల్బర్ట్.
పగకు పగ, చావుకు చావు ఆగాలని
మనిషిని నెత్తి నుంచి కాలిగోరు దాకా తడిమి
ధర కట్టాడు.
ముందుపన్ను ఆరు షిల్లింగులు, పక్కది నాలుగు
బొటనవేలు ఇరవై, దాని గోరు మూడు
నడిమి వేలు నాలుగు
చిటికెన వేలు పదకొండు.

పదకొండెందుకు?
ఆనాడు నోటుబుక్కు అంచున పెట్టిన ప్రశ్నగుర్తు
అట్లనే ఉండిపోయింది.
కొంరవ్వనే అడిగాను,
ఏది ఎక్కువ యాదికొస్తదని.

"చిన్నదే సారూ.
చెంబు పడితే జారుతున్నది,
అడుగున ఆనుకునేది గదే గద.
లగ్గంనాడు మా ఆయన పట్టుకున్నది సుత గదే."
రాజు సంగతి చెబితే నవ్వింది:
"చెంబెత్తి నీళ్లు తాగినోడే రాసిండు గా ధర."

అందరికీ ఒకే ధర కాదులే,
స్వేచ్ఛ ఉన్నవాడికో లెక్క, బానిసకో లెక్క.
మిల్లు రిజిస్టరులో కొంరవ్వ పేరు లేదు,
గుత్తేదారు పేరుంది.
తర్వాత వచ్చిన ఇనే అనే రాజు
బాట వదిలి నడిచే పరాయివాడు
కేకెయ్యకపోతే, కొమ్ము ఊదకపోతే
దొంగే అన్నాడు.
ఏ తలుపో తెలియక ఆఫీసు వరండాలో
ఈమె మూడు రోజులు నోరెత్తక నిలబడ్డది.
అటెండరు చూపు ఎట్లుండెనో
చెప్పలేదు. సంచి మాత్రం తెరిచి చూపమన్నాడట.

ఇంకొకటి.
ఆ రాజు తన చట్టాన్ని గొప్పవాళ్ల లాటిన్లో కాదు
గొర్లకాపరి నోట నానే మాటలో రాయించాడు.
ఆ మాటే పెరిగి పెద్దదై సముద్రం దాటి
ఇప్పుడు ఈ ఫారం మీద కూర్చుంది.
ఒక్కో గడి నేను చదివి చెబుతున్నా,
ఆమె తలూపుతున్నది.

ఆడవాళ్లకు కుడి బొటనవేలు.
సిరా అద్ది నొక్కించాను.
ఇరవై షిల్లింగుల వేలు, ముప్పై శాతం వేలు
కాయితం మీద నల్లగా పడ్డది.
పక్కన కట్టు తగిలి చిన్న మరక.
చెరపబోతే వద్దన్నది.

తొడ విరిగి కుంటివాడైతే ఎంతో
ఆ రాజుకూ తోచలేదు.
స్నేహితులు కూర్చుని తేల్చాలని
అక్కడ కలం దించాడు.
ఈ ఫారంలో అట్లాంటి గడి లేదు.

మెట్ల మీద, పూట కూలి వదులుకొని వచ్చిన
మిల్లు ఆడవాళ్లు నలుగురు
సద్ది విప్పుతున్నారు.
కొంరవ్వ చెంబెత్తింది.
మాట ఆపకుండానే, అటు చూడకుండానే
పక్కనున్నామె
అడుగున చెయ్యి పెట్టింది.