పదిహేడో నంబరు పగులు

మూడేళ్లుగా దీని వెడల్పు కొలుస్తున్నాను.
మొదటి వేసవిలో పదకొండు మిల్లీమీటర్లు,
నిరుటి కార్తీకానికి పద్నాలుగున్నర.
పక్కనే పసుపు పెయింటుతో 17 అని రాశాను,
కొండకు టీకా వేసిన గుర్తులా.

కింద మలుపులో గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు,
రెంటి నడుమ ఒక గీత.
ఆ గీత మీద వేలు పెడితే
కోట్ల ఏళ్లు వేలి కింద లేకుండా పోతాయని
మా సారు చెప్పినప్పుడు
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
నేనే అనుకుంటా.

ఎక్కే దారి కదా, బస్సు కిటికీల్లో
ఇంకా జుట్టున్న పిల్లలు నాకు చేతులూపుతారు.
రోడ్డు మీద రాళ్లేరే చెంగల్రాయుడు
గడ్డపార ఆనించి అడుగుతాడు:
"ఏం మ్మా, పగులు ఎంత లావైంది?"
"బియ్యపు గింజంత."
"ముద్దక్కూడా రాదే!"

వాయుగుండం పట్టిన రాత్రి పడింది
నా పదిహేడు కాదు.
నలభై అడుగుల అవతల
'స్థిరం' అని నేను టిక్కు పెట్టిన బండ
రెయిలింగును తుంచుకుని లోయలోకి దిగింది.
ఆ రాత్రే కింద స్వర్ణముఖి
పాత చిరునామా వెతుక్కుంటూ
ఇళ్ల మధ్యకు వచ్చింది.

రోడ్డు మీద మాత్రం ఒక్క బండి లేదు.
పొద్దుగూకక ముందే చెంగల్రాయుడు
ఈల ఊది, తిట్లు తిని, అన్నీ ఆపేశాడు.

"ఎట్లా తెలిసిందన్నా?"
"ఊట నీళ్లు మ్మా. మూడు దినాలు గంజి మాదిరి వచ్చె.
ఆ పొద్దు కాపీ అయిపాయ.
లోపల ఏందో కరగతా ఉండాది అనుకుంటి."

బండ ఊడిన చోట కొండ
కోసిన జామకాయ రంగులో ఉంది.
దాని మీద అలల గీతలు,
ఏ సముద్రమో ఇసుకలో వదిలి వెళ్లినవి.
వాన దానికి కొత్తేమీ కాదు.
మధ్యలో చాలాకాలం
కనబడలేదంతే.

నోటుబుక్కులో ఇప్పుడొక గడి పెరిగింది: నీటి రంగు.
ప్రమాణం ఏమిటని గైడు అడిగారు.
గంజి, పులుసు, కాఫీ అని రాసిచ్చాను.
ఎర్ర పెన్నుతో చుట్టారు గానీ
కొట్టెయ్యలేదు.

రోజూ ఆరింటికి ఫోను.
"పులుసు మ్మా, పల్చగా."
"తేట."
"తేట."

ఇవాళ వాన కురుస్తూనే ఉంది.
ఫోను మోగింది.
"ఊట రాలేదు మ్మా. ఒక్క చుక్క రాలేదు."

పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
ఆ గడిలో దీనికి మాట లేదు.
"అన్నా, ఈల జేబులో ఉందా?"
అవతల జవాబు లేదు,
వాన శబ్దం,
దాని వెనక
ఈల.