రోట్లో దొరకని నీలం

నానాయ్ నది ఒడ్డున
పొడుగు కాళ్ల మీద నిలబడ్డ బడి మాది.
వరద నెలల్లో పిల్లలు పడవ దిగి
నేరుగా తరగతిలోకే అడుగు పెడతారు.

ఆ రోజు లెయ్దెర్ ఆలస్యంగా వచ్చాడు.
చంకలో వాళ్లమ్మ రోలు,
రోట్లో చిటికెడు మట్టిరంగు దుమ్ము,
కళ్లలో ఎవరో మోసం చేసినంత కోపం.

"మూడు సీతాకోకలు టీచర్.
చచ్చి దొరికినవే, నేను చంపలేదు.
నాన్న పడవ ముక్కుకి వేద్దామని నూరాను.
నూరేకొద్దీ నీలం పారిపోయింది."

ఎవరూ నవ్వలేదు.
వాడు అడిగింది న్యాయమే.
ఇక్కడ రంగంటే నూరితే వచ్చేది.
అచియోతె గింజ నలిపితే వేళ్లు ఎర్రబడతాయి.
హుయితో కాయ రసం పూసుకుంటే
తెల్లారేసరికి చర్మం నల్లబడి
ఎంత తోమినా వారం దాకా వదలదు.
ప్రతి రంగుకీ ఒక ఇల్లుంది, గింజలోనో కాయలోనో.
తలుపు తడితే బయటికొస్తుంది.
మరి దీని ఇల్లేది?

ఇకితోస్‌లో నేను చదువుకున్నప్పుడు
ఈ పాఠం రెండే వాక్యాలు.
పరీక్షలో రాశాను, మరిచిపోయాను.
పదేళ్ల పిల్లాడు రోలు పట్టుకుని నిలదీస్తే
రెండు వాక్యాలు ఏ మూలకి?

అందర్నీ రేవులోకి నడిపించాను.
పెకె పెకె మంటూ రెండు మోటారు పడవలు
ఎదురెదురుగా దాటుకున్నాయి.
"ఆ అలా ఈ అలా కలిసే చోట చూడండి."
ఒకచోట ఎత్తు మీద ఎత్తెక్కి
నీళ్లు లేచి నిలబడ్డాయి.
ఇంకోచోట ఎత్తు వెళ్లి పల్లంలో పడి
ఏమీ జరగనట్టు చదునైపోయాయి.

"వెలుగూ అలే.
ఆ రెక్క నిండా పొలుసులు,
మన ఇరపాయ్ ఆకుల కప్పులాగా వరస మీద వరస.
ఒక్కో పొలుసులో మళ్లీ సన్నటి అరలు,
అరకీ అరకీ మధ్య కొలిచి పెట్టినంత ఎడం.
పై అర కొంత వెలుగుని తిప్పి పంపుతుంది,
కింది అర కొంత.
నీలం అలలు అడుగులో అడుగేస్తూ వెనక్కొస్తాయి.
మిగతావాటికి నడక కుదరదు,
దారిలోనే చల్లారిపోతాయి.
నువ్వు నూరింది రంగుని కాదు లెయ్దెర్, అరల్ని.
కప్పు కూల్చేసి
నీడెక్కడని వెతికితే ఎలా?"

"అబద్ధం," అంది సాదిత్.
సాక్ష్యం లేనిదే ఆ పిల్ల వానని కూడా నమ్మదు.

కిటికీలో పడున్న ఇంకో రెక్క తెచ్చాను.
ఫిదెన్సియో కొట్టు నించి
చెంచాడు చెరకు సారా తెప్పించాను.
(ఊరంతా ఈ కబురు ఎలా తిరిగిందో అడగొద్దు.)
ఒక్క చుక్క వేశాను.
నీలం ఆకుపచ్చయింది.
పంతొమ్మిది తలలు ఒక్కసారిగా వంగి
నా చేతికి వెలుగే అందనివ్వలేదు.
జరగండర్రా, జరగండి.
ఆరుతూ ఆరుతూ
అంచు నించి మెల్లగా నీలం తిరిగొచ్చింది.

"దానికి మత్తెక్కిందా?" అడిగాడో బుడతడు.
"గాలి ఉండాల్సిన సందుల్లో సారా దూరింది.
అందులో వెలుగు నడక మందగించింది.
సారా ఎగిరిపోయాక పాత నడకే.
మత్తన్నా తప్పులేదులే."

సాదిత్ మాత్రం రెక్క వదల్లేదు.
"రాత్రి, వెన్నెల కూడా లేనప్పుడు,
అది రెక్కలు ముడుచుకుని పడుకుంటే
ఈ నీలం ఎక్కడుంటుంది?"
"రేపు ఆలోచించుకుని రా," అన్నాను.
జవాబు తెలియని టీచర్లం
అందరం అనే మాటే అది.

లెయ్దెర్ దుమ్ముని అగ్గిపెట్టెలో పోసుకున్నాడు.
వాళ్లమ్మ రోలుని మూడుసార్లు కడిగిందట,
మిరపకాయలు నూరేముందు.
పడవ ముక్కుకి చివరికి డబ్బా రంగే పడింది.

వారం తర్వాత రేవులోంచి వాడి కేక.
పరిగెత్తాను, ఎవరైనా పడ్డారేమోనని.
ఇంజను కింద నీళ్ల మీద
పెట్రోలు చుక్క పరుచుకుని
ఎరుపూ పచ్చా ఊదా మెలికలు తిరుగుతోంది.
"ఇక్కడా కప్పుంది టీచర్!
ఒక్క వరసే. చాలా పల్చన!"

నేను వంగి చూశాను.
వాడు చెప్పింది నిజం.
నేను చెప్పని పాఠం.

వెనకాల వాళ్ల నాన్న
ఇంజను కారుతోందని
నదికి వినపడేలా తిడుతున్నాడు.