వాల్వు సెట్టు

చీమకుర్తిలో ఇరవయ్యేళ్లు రాయి కోశాను.
కుడిచెవి ఆ రంపానికే ఇచ్చేశాను.
మిగిలిన ఒక్క చెవికి
ఇరవై రెండు వేలు పోసి వాల్వు సెట్టేంటని
మస్తానమ్మ అడిగింది. న్యాయమే.

ఒంగోలు కర్నూలు రోడ్డులో గౌస్ సాయిబు
మూత విప్పి చూపించి
"తేడా తెలుస్తుందని ఒట్టు మాత్రం పెట్టను" అన్నాడు.
ఆ మాటకే కొన్నాను.

కింద గెలాక్సీ రాయి పలక,
మూల విరిగిందని సరుకులోంచి తీసి పారేసింది.
స్విచ్చి వేస్తే వెంటనే పలకదు.
గాజులో సన్నగా ఎరుపు పాకుతుంది,
ఊదిన పిడకలో నిప్పులాగా.
నల్లరాయిలో బంగారు చుక్కలు ఒక్కోటే లేస్తాయి.
అప్పుడు సన్నాయి.

మారిందా?
మునుపు కోసిన రాయిలా గీరేది,
ఇప్పుడు పాలిష్ ఎక్కినట్టుంది.
ఏమో,
డబ్బు పెట్టిన చెవి, నమ్మలేం.

రాత్రి కరెంటు పోయింది.
పాట తెగలేదు, కుంగిపోయింది.
చీకట్లో మస్తానమ్మ తడుముకుంటూ వచ్చి
పలక మీద చెయ్యి పెట్టింది.
"రాయి కూడా కాగిందే" అంది.
కరెంటు వచ్చిందాకా చెయ్యి తియ్యలేదు.

గౌస్ సాయిబుకి ఇంకా నాలుగు వేలు బాకీ.