పేరు ఎదుటోళ్ల దిక్కు

కర్నూల్లో, హోటలు మేడ మీది ఏసీ హాల్లో
కోటు తొడుక్కున్న పిల్లోడు నేర్పిచ్చినాడు:
కార్డు రెండు చేతుల్తో ఇయ్యాల,
పేరు ఎదుటోళ్ల దిక్కు తిరిగుండాల,
వాళ్లు చదివేదాకా కదలగూడదు.
తాంబూలం ఇచ్చినట్లే గదా, అనుకుంటి.
వక్క ఒకటే తక్కువ.

నా కార్డులు నూరు. పార్కు రోడ్డు ప్రెస్సులో
నాలుగు వందలు తీసుకున్యాడు.
"నూర్బాషా దస్తగిరమ్మ. పరుపులు, దిండ్లు.
పాత దూది ఏకి ఇవ్వబడును."
'ఏకి' ఒద్దక్కా, మోటుగుంటాది, అన్యాడు ప్రెస్సాయన.
ఉండనీలే అంటి.
మా నాయన బతికింది ఆ మాట మీదనే.

ఫైనాన్సాయన ఫోను మాట్లాడుకుంటానే
ఎడమచేత్తో అందుకొని జేబులో ఏసుకున్యాడు, చిల్లర మాదిరి.
సిమెంటు డీలరు దాంతో విసురుకున్యాడు,
ఏసీ సాలనట్లు.
ఒకాయప్ప టీ కప్పు కింద పెట్టినాడు.
తీసి చూస్తే నా పేరు చుట్టూ మరక,
చందమామకు గుడి కట్టినట్లు.

బేతంచెర్ల బండల వ్యాపారి మద్దిలేటి మాత్రం
తువ్వాలుకు చేతులు తుడుచుకొని తీసుకున్యాడు.
దూరం పెట్టి చూసినాడు. దగ్గర పెట్టి చూసినాడు.
"కండ్లద్దాలు తేలేదు తల్లీ, నువ్వే సదువు."

సదివితి.
నలభై ఆరేండ్లకు
నా పేరు నేనే, నలుగురి మధ్య, గట్టిగా.
రేషను షాపులో పిలిస్తే పలికినా గానీ
పిలవకముందే పలికింది లేదు.
'ఏకి' కాడ గొంతు రవ్వంత ఆగింది.
"బండలమ్మేవాని పరుపు గూడ బండే అయ్యిందమ్మా,
ఏకుతావా?" అన్యాడు.

ఆయనకు కార్డు లేదు.
సంచిలోంచి అరచేతంత నాపరాయి తీసి,
వెనక పెయింటుతో రాసిన నంబరు నా దిక్కు తిప్పి
రెండు చేతుల్తో ఇచ్చినాడు.
కోటు పిల్లోడు చూడనే లేదు.

అందరూ పోయినాక కుర్చీల సందుల్లో
నా కార్డులు నేనే ఏరుకుంటి. పదమూడు.
రెండింటికి బజ్జీల నూనె.
ఒకదాని మూలతో ఎవరో పండ్లు కుట్టుకున్యారు.
సిగ్గేమీ కాలేదు,
దూదిలో గింజలు ఏరే చేతులే గదా ఇవి.

అంగట్లో ఫ్యానేస్తే అన్నీ లేస్తాయి,
దూది, బిల్లులు, ఒగోసారి నా పానం గూడ.
ఇప్పుడా పదమూడింటి మీద
బేతంచెర్ల రాయి పెట్టినా.

సోమవారం ఆటోలో ఆయన పరుపు వచ్చింది.
దించేకి ఇద్దరు పట్టాల్సి వచ్చె.
నిజంగానే బండ.