రెండో గీత

రాత్రి రెండు. పలాసలో కరెంటు పోయి వచ్చింది.
ట్రోపోనిన్ స్ట్రిప్పు మీద రెండో గీత,
జీడిపప్పు పొట్టంత పలచగా.

"గుండిపోటేటి బావూ?"
పిక్కలు కొట్టి నల్లబడిన వేళ్లతో
కొంగుముడి తడుముకుంది కూర్మమ్మ.

ఈసీజీలో ఏమీ లేదు.
మూడు గంటలాగి మళ్లీ రక్తం తీశాను.
అదే గీత. అంతే పలచన.
పోటైతే పెరగాలి కదా!

అప్పుడడిగాడు డాక్టరు, ఏ ఊరని.
"ఉద్దానమే, వజ్రపుకొత్తూరు కాడ."
ఆయన పెన్ను ఆగింది.
క్రియాటినిన్ చూడు, అన్నాడు నాతో,
నా మొహం చూడకుండా.

గీత అబద్ధమాడలేదు.
మేమే గుండె సంగతొకటే అడిగాం.

"గుండి బాగానే ఉందమ్మా" అన్నాను తెల్లారగట్ల.
నవ్వేసి, ముడి విప్పి
ఆటోకి చిల్లర లెక్కెట్టుకుంది.

నా చేతిలో రెండో కాగితం
ఇంకా వేడిగానే ఉంది.