కొలోవా గుహలో నెల లెక్క

నడుం వంచితే చాలదు, పొట్ట మీద పాకాలి.
ముందు కవేహి, వెనక నేను.
మా నాన్న ఇలోకోస్ నుంచి ఓడెక్కి వచ్చింది చెరుకు కోసం.
అదే చెరుక్కి ముప్పై ఏళ్ళు మందు కొట్టిన చేతులివి.
కాళ్ళ కింద ఇంకో ఇల్లుందని
అప్పుడెవరూ చెప్పలేదు.

లావా పారి, చల్లారి, వదిలేసిన గొట్టం.
గాలి తడిగుడ్డలా మొహానికి చుట్టుకుంటుంది.
"లైటు దించు, ఎలియుతెరియో."
దించాను.

అదిగో.
సాలీడని పేరే గాని నేత రాదు.
పెద్ద కళ్ళ వంశంలో పుట్టి
మొహాన ఒక్క కన్నూ లేదు,
ఉండాల్సిన చోట మచ్చయినా లేదు.
నా లైటు దానికి లేనట్టే.
ఊపిరి మాత్రం తెలిసింది:
ముందుకాలు ఎత్తి
నన్ను కాస్త చదివి
దించేసింది.

నోట్లో గుడ్ల సంచి.
నోరు కట్టుకోవడమంటే మా ఇంట్లో
నెలకోసారి మాంసం, చక్కెర లేని కాఫీ.
ఇది నిజంగానే కట్టుకుంది,
పిల్లలు బయటపడేదాకా.
ఇరవై గుడ్లుంటే ఎక్కువ.
మా గోడ మీది సాలీడు
వందలు పెట్టి మరిచిపోతుంది.

పైకప్పులోంచి వేళ్ళు వేలాడుతున్నాయి.
కుళ్ళిన వేరుని కొరికే తెల్ల పురుగు,
ఆ పురుగుని పట్టే ఇది.
పైన చెట్టు ఎండితే కింద పొయ్యి ఆరిపోతుంది,
అంతే శాస్త్రం, అంటుంది కవేహి.
అందుకే గోల్ఫ్ మైదానం అంచున మైయాపిలో నాటాం.
రాత్రి పూసి పొద్దెక్కేలోపు వాడిపోయే తెల్లపూలు.
ఆ వాసన ఇక్కడికి దిగదు.
వేరు దిగుతుంది.

"దాంతో ఏం ఉపయోగం, తాతా?"
అన్నాడు మనవడు.
దాని విషంలో ఏదో మందు దొరకొచ్చని
చెప్పొచ్చు. చెప్పలేదు.
తోట మూసేసిన రోజు
బల్ల అవతలి నుంచి, మర్యాదగానే,
నన్నూ అదే అడిగారు.

ఈ ఊరి నేల కింద తప్ప
ఇంకెక్కడా లేదిది.
పోతే, పోయిందని తెలిసేది
మా ఇద్దరికే.

పదకొండు, రాసుకుంది కవేహి.
పోయిన నెల పదమూడు.
ఏమీ అనుకోలేదు మేం.

బయట ఎండకి కళ్ళు చిట్లాయి.
బండి దాకా మెల్లగా నడిచాను,
కింది గదిలో బాలింత పడుకున్న ఇంట్లో
మేడ మీద నడిచినట్టు.
కవేహి నవ్వింది.
నవ్వి, తనూ అలాగే నడిచింది.