గుంతబండ

మిషను మౌలాలిది. నీళ్ళూ బురదా నావి.
వనపర్తిల పాతబజారు దాటినంక మూడో సందు,
పాతిల్లు కొన్న టీచరమ్మ తాళంచెవి నా చేతుల పెట్టి
"అద్దంలా ఉండాలి సాయమ్మా,
ముఖం కనపడాలి" అన్నది.

ముఖం కనపడుడు ఆఖరికి.
ముందుగాల అరవై నంబరు రాయి.
అది తిరుగుతుంటే బండ మొత్తుకుంటది.
పాలలెక్క బురద లేస్తది,
వైపరుతోని మోరికి తోల్త.
చాయ మరకలు, కిరసనాయిలు,
ఎవరి పెండ్లిలదో పారాణి,
అన్నీ ఒకటే తెలుపై పోతయి.
తర్వాత నూటిరవై. ఆ తర్వాత రెండువందల ఇరవై.
నంబరు పెరిగినకొద్దీ చప్పుడు తగ్గుతది.
మౌలాలి నాకు నేర్పిన చదువు గింతే:
నడుమ నంబరు దుంకకు.
దుంకితే గీతలు ఆడనే దాక్కుంటయి,
దీపం పెట్టిన్నాడు బయటపడతయి.

దర్వాజల కాడ వడ్ల బ్రహ్మయ్య కూసున్నడు.
పచ్చరంగు మూడు పొరలు గీకితే టేకు దొరికింది.
గడపకు రంగు లేదు, పసుపే, ఏలు మందం.
దాన్ని గీకలేదు, తడిబట్టతోని నానబెట్టి తీసిండు.
అవిసెనూనె రుద్దుకుంట అన్నడు:
"కట్టె తాగినంతే తాపియ్యాలె.
మీద మిగిలింది మెరుపు గాదు, జిగట."

నడిమింట్ల, కిటికీ కింద మిషను ఎగిరిపడ్డది.
బండల అరచెయ్యంత గుంత.
పక్కింటామె చెప్పింది:
ఈదమ్మ ఆడ కూసుండి
ఎండకాలమంతా కూలికి చింతపండు కొట్టేదట.
"సాపు చెయ్యండి" అన్నది టీచరమ్మ.
మౌలాలి ఏలి మెటికెతోని కొట్టి ఇన్నడు.
"గుంత పైకి రాదమ్మా.
సాపు గావాల్నంటే ఇల్లంతా గా లోతుకు దించాలె."
ఆమె ఇల్లంతా ఒకసారి చూసింది.
ఇంకేమన్లేదు.

మిషను అండ్ల పట్టదు.
నాలుగువందల నంబరు రాయి పలిగిన ముక్క తీసుకొని
మోకాళ్ళ మీద కూసున్న, పగటిమీది నుంచి చీకటయ్యేదాక.
చెయ్యి పెడితే తెలిసింది,
ఎడమదిక్కు లోతు ఎక్కువున్నది.
ఈదమ్మది పుర్రచెయ్యి గావొచ్చు.
నాదీ గంతే.
బువ్వ తినేటప్పుడు మా అత్త కొట్టేది.

పొయ్యేటప్పుడు టీచరమ్మకు చెప్పిన:
నిమ్మకాయ పడనియ్యకు, ఆసిడ్ అసలే పొయ్యకు,
మచ్చను తిన్నది మెరుపును ఇడిచిపెడ్తదా?
ఇక్కడి బోరునీళ్ళు సున్నం నీళ్ళు,
ఆరనిస్తే తెల్లగ కూసుంటయి.
తడిగుడ్డ ఎనకాలనే పొడిగుడ్డ నడువాలె.

ఎనిమిదొద్దులకు ఫోను.
"సాయమ్మా, మా బాబు గోలీ ఎక్కడ వదిలినా
దొర్లుకుంటూ పోయి ఆ గుంటలోనే ఆగుతోంది.
వాలు తప్పిందా?"
"వాటం మోరిదిక్కే ఉన్నదమ్మా,
నీళ్ళు పోసి చూడు" అన్న.
కొంచెంసేపు ఫోన్ల గోలీ చప్పుడే ఇనొచ్చింది.
"పోనీలే, వాడికి నచ్చింది" అని పెట్టేసింది.

మా ఇంట్ల అన్నీ పనికాడ మిగిలిన ముక్కలే.
తాండూరు పసుపు, షాబాదు నీలం,
మూల ఇరిగిన నల్లబండ ఒకటి.
ఒకటి ఎత్తు, ఒకటి పల్లం,
ఏ రాయీ రుద్దలేదు, ఏ నంబరూ తిప్పలేదు.
ఆ రాత్రి నేనూ ఒక గోలీ ఇడిచి చూసిన.
ఇడిచిన కాడనే నిలవడ్డది.